బీరుకు కప్పిన రజాయి

మా ఆయన నా బట్టల మిషను పొట్ట కోసి అందులో బార్లీ నానబోసిన రోజునే నేను విడాకులు అడగాల్సింది. ఆ రోజు మంచు మోకాలి లోతు ఉంది, కోర్టు దాకా నడవబుద్ధి కాలేదు.

ఆయన పేరు కసీమాలీ. మాలో ఆడవాళ్ళు మొగుడి పేరు పైకి అనకూడదు. అనేశాను, పైకప్పేమీ కూలలేదు. మామూలుగా "ముసలోడా" అని పిలుస్తాను. పెళ్ళయిన ఏడాది నుంచీ అదే పిలుపు, అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్ళు. కొండల మధ్య మా నారిన్ ఊళ్ళో ట్రాలీబస్సులు తిరిగినన్నాళ్ళూ డిపోలో పెద్ద మెకానిక్కు. బస్సులు ఆగిపోయి, వీధి మీది కరెంటు తీగలు కూడా ఎవరో చుట్టలు చుట్టుకుపోయాక ఆయన చేతులకు పని లేకుండా పోయింది. ఆ చేతులు ముందు మా ఇంటి తలుపుల గొళ్ళేలన్నీ విప్పి మళ్ళీ బిగించాయి. తరవాత గోడ గడియారాన్ని విప్పాయి, అది మాత్రం మళ్ళీ బిగియలేదు. చివరికి గ్యారేజీలోకి పోయి బీరు మీద పడ్డాయి.

"కొట్లో దొరకదా బీరు?" అని అడిగాను.

"దొరుకుద్ది. అది ఎవడో చేసిందిగా," అన్నాడు.

ఆరు నెలల్లో గ్యారేజీ నిండిపోయింది. నా బట్టల మిషను స్టీలు తొట్టిలో బార్లీ వేడినీళ్ళలో నానేది. మిషను పైన బట్టలు పిండే రోలర్లు రెండుండేవి కదా, వాటికి గరుకు రేకు చుట్టి బార్లీ నలగ్గొట్టే యంత్రం చేశాడు. తొట్టి అడుగున జల్లెడకు బదులు మా స్నానాలగది కుళాయి గొట్టం మీది స్టీలు అల్లిక తొడుగు ఊడదీసి పెట్టాడు, కనక నేను నెల రోజులు చెంబుతో స్నానం చేశాను. నేను పాలకేంద్రం లాబులో ఇరవై రెండేళ్ళు చేసి దిగిపోయేటప్పుడు తెచ్చుకున్న రెండు పాల క్యాన్లలో ఒకటి పొయ్యి మీదకెక్కింది, రెండోది బీరు పులియడానికి పోయింది.

అన్నిటికన్నా ఆయనకు ముద్దు రాగి చుట్ట. మరిగిన రసాన్ని గబగబా చల్లార్చాలి, లేకపోతే గాలిలోని పురుగు అందులో కాపురం పెడుతుంది. ఆ సంగతి చెప్పింది నేనే, నా ఖర్మ. ట్రాలీబస్సు తలుపులకు గాలి తీసుకుపోయే రాగి గొట్టం ఒకటి డిపో నుంచి తెచ్చుకున్నాడు. మొదటిసారి వంచితే నలిగింది, రెండోసారీ నలిగింది. మూడోసారి గొట్టం నిండా ఇసుక కూరి, రెండు చివరలా చెక్క బిరడాలు కొట్టి, గ్యాసు సిలిండరు చుట్టూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మెల్లగా చుట్టాడు. ఒక్క నొక్కు లేదు. పీపాలో మంచు వేసి, బస్సు హీటరు పంపుతో ఆ చల్లటి నీళ్ళు చుట్టలోకి తోలితే, మరిగే రసం ఇరవై నిమిషాల్లో గోరువెచ్చన. నేను గడియారం పెట్టి చూశాను. మెచ్చుకోలేదు, అది వేరే సంగతి.

ఇంత సరంజామా ఉన్నా బీరు రాలేదు. మొదటిసారి బార్లీ మరీ మెత్తగా నలిగి తొట్టిలో అంబలైంది, కుళాయి తిప్పితే చుక్క దిగలేదు. రవీల్ గొట్టానికి నోరు పెట్టి పీల్చి మూతి కాల్చుకున్నాడు. రవీల్ అంటే ఒకప్పటి ట్రాలీబస్సు డ్రైవరు, మా గోడ పక్కనే ఇల్లు, తాగడానికి పిలవక్కర్లేదు. రెండోసారి రాగి చుట్ట అతుకు కారింది. ఇరవై లీటర్లు మరిగించినది చల్లారేసరికి ఇరవై నాలుగైంది.

"చూశావా వదినా, పెరిగింది!" అన్నాడు రవీల్. "ఈ ఇంట్లో దేవుడి దయ ఉంది."

మూడోసారి ఇంకో వింత. బీరు చలికి ఆగకుండా, వేడికి చెడకుండా పది డిగ్రీల దగ్గర ఉండాలట. అందుకని చచ్చిపోయిన ఫ్రిజ్‌లో క్యాను పెట్టి, అడుగున ఒక బల్బు పెట్టి, కోడిగుడ్లు పొదిగించే పెట్టె నుంచి ఊడదీసిన థర్మోస్టాటు తగిలించాడు. అది కోళ్ళ కోసం పుట్టింది. ముప్పై ఐదుకి తక్కువైతే ఒప్పుకోలేదు.

"మేస్త్రీ, పిల్లలెన్ని లేచాయి?" అని రవీల్ రోజూ వచ్చి అడిగేవాడు.

మా ఆయన నవ్వడు. తొట్టి ముందు ఎత్తుపీట వేసుకుని కూర్చుంటాడు, ఒక్కొక్కటే విప్పుతాడు, కడుగుతాడు, చూస్తాడు. రోలర్ల మధ్య సందు పెంచాడు. అతుకు మీద సబ్బునురగ రాసి బుడగ వచ్చిన చోట మళ్ళీ మాటు వేశాడు. థర్మోస్టాటు కడుపులో ఏదో మార్చాడు, అది కోళ్ళను మర్చిపోయింది. అక్టోబరు ఆఖరుకు నాలుగో బీరు క్యానులోకి దిగింది.

అప్పటికి నా ఓపిక అయిపోయింది. బంగాళాదుంపలమ్మే నసీర్ చలికాలానికి సరుకు దాచుకోను గ్యారేజీ అడుగుతున్నాడు. నాకు అతని బంగాళాదుంపల మీద ప్రేమేమీ లేదు. కానీ ఇంట్లో మొగుడున్నా లేనట్టే ఉంది, టీ కూడా గ్యారేజీకి మోసుకెళ్ళి ఇవ్వాల్సి వస్తోంది, చేత్తో ఉతికిన బట్టలు తీగ మీద చెక్కల్లా గడ్డకడుతున్నాయి.

"నవంబరు ఆఖరి ఆదివారం దాకా చూస్తా," అన్నాను. "నేను మొహం చిట్లించకుండా ఒక గిన్నెడు తాగగలిగితే గ్యారేజీ నీది, చచ్చేదాకా నోరెత్తను. లేదా, నసీర్ బంగాళాదుంపలకి."

"తీర్పు నీదేనా?"

"ఇంకెవరిది? రవీల్‌కి ఇస్తే ఫినాయిలు కూడా పాసవుద్ది."

"సరే. నువ్వు అబద్ధం చెప్పవులే," అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు పొగడ్తలా వినిపించింది.

బీరు క్యానులోకి దిగిన ఐదో రోజున ఆయన అట్‌బాషిలో ఉన్న వాళ్ళ అన్నయ్య ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. చలికాలం మాంసానికి గుర్రాన్ని కోస్తున్నారు, తమ్ముడు లేకుండా కోస్తే మాట వస్తుంది. రెండు రోజుల పని. వెళ్ళే ముందు నన్ను గ్యారేజీలోకి తీసుకుపోయి ఫ్రిజ్ తలుపు తెరిచాడు. క్యాను మూతిలోంచి గొట్టం, గొట్టానికి డాక్టర్లు వేసుకునే రబ్బరు గ్లవ్, దాని వేలికి సూదితో ఒక బెజ్జం. లోపల పులుస్తున్నంత సేపూ గాలి నిండి ఆ చెయ్యి నిటారుగా లేచి ఉంటుంది. ఆయన రోజూ పొద్దున్నే దానికి సలాం పెడతాడు. నాకు పెట్టడు.

"చెయ్యి లేచుందా లేదా, అంతే చూడు ముసలీ. ముట్టుకోకు," అన్నాడు.

"నేనెందుకు ముట్టుకుంటా? నాకేమన్నా చుట్టమా?"

ఆయన అలా వెళ్ళాడు, సాయంత్రానికి కరెంటు పోయింది. మా ఊళ్ళో చలి ఎప్పుడూ కరెంటు పోయే రోజు చూసుకునే దిగుతుంది. పొద్దున లేచి చూస్తే బయట ఇరవై రెండు, సున్నాకి కింద. కిటికీకి లోపలి వైపు కూడా మంచు. గ్యారేజీలోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచాను. బల్బు ఆరిపోయి ఉంది. చెయ్యి వాలిపోయి ఉంది.

నిజం చెప్పాలంటే ముందు నాకు సంతోషమే వేసింది. గెలిచాననుకున్నాను. నేను ముట్టుకోలేదు, చలి చంపింది, గ్యారేజీ బంగాళాదుంపలకి. తలుపు మూసి రెండడుగులు వేశాను కూడా. మళ్ళీ వెనక్కి వచ్చి చూశాను. ఆ గ్లవ్ క్యాను పక్కకి వేలాడుతూ, పోయినవాళ్ళ చెయ్యి మంచం మీంచి జారినట్టు ఉంది. అట్‌బాషి నుంచి వచ్చి ఆయన దాన్ని చూస్తాడు. చూసి ఏమీ అనడు, ఎత్తుపీట వేసుకుని కూర్చుంటాడు. ఆ కూర్చోవడం నేను చూడలేను అనిపించింది. ఫోను చేద్దామంటే ఆ లోయలో ఫోను అందదు.

పులిసేది ఏదైనా చలికి చచ్చిపోతుందని నాకు పాలతో పాటే నేర్పారు. ఐరాన్ పెరుగు తోడుపెట్టినా, పిండి కలిపి పెట్టినా, గిన్నెను చంటిపిల్లలా చుట్టబెట్టాలి. మా అమ్మ చుట్టింది, మా అమ్మమ్మ చుట్టింది. లాబులో తెల్లకోటు వేసుకున్నంత సేపూ నాకు డిగ్రీలు, సూక్ష్మజీవులు తెలుసు. కోటు విప్పితే నేను మా అమ్మ కూతుర్నే. ఈ బీరుకి చల్లదనమే కావాలని ఆయన వంద సార్లు చెప్పాడు. ఆ పూట ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఇంట్లోకి వెళ్ళి బొగ్గుపొయ్యి మీద నీళ్ళు కాచి సీసాలకెత్తాను. కప్పడానికి ఏదైనా పట్టుకెళ్ళాలి. ఆయన కప్పుకునే పాత సైన్యం కంబళి ఎదురుగానే ఉంది. దాన్ని తీసుకుంటే పోయేది. నేను మాత్రం పెట్టె మీది పరుపుల దొంతరలో అన్నిటికన్నా పైనున్న ఎర్ర మఖమలు రజాయి లాగాను. మా అమ్మ నా పెళ్ళికి కుట్టింది, లోపల ఆరు గొర్రెల ఉన్ని. చుట్టాలకు చూపించడానికే తప్ప ఇంతవరకూ దాని కింద ఎవరూ పడుకోలేదు. ఎందుకు అదే తీశానో నాకు తెలీదు. క్యానును బయటికి లాగి, చుట్టూ సీసాలు పేర్చి, రజాయి రెండు మడతలు చుట్టి తాడు కట్టాను.

అంతటితో ఆగినా బాగుండేది. మధ్యాహ్నం సీసాల్లో నీళ్ళు మార్చడానికి వెళ్ళి మూత తీసి చూశాను. అడుగున అంతా పేరుకుని కదలకుండా ఉంది. మా ఇళ్ళల్లో గుర్రప్పాల కుమిస్ తోలుసంచిలో పులుస్తూ ఉంటే దాని పక్కనుంచి వెళ్ళేవాళ్ళెవరైనా సరే కర్రతో నాలుగు పోట్లు చిలికి పోవాలి. చిలక్కుండా పోయినవాళ్ళని పిసినారులంటారు. మా అమ్మ కుమిస్ కర్ర గోడకి వేలాడుతోంది. తెచ్చి నాలుగు పోట్లు వేశాను. మనసుకు నచ్చి ఇంకో నలభై వేశాను.

మర్నాడు పొద్దున చూస్తే చెయ్యి లేచింది. మామూలుగా లేవడం కాదు, వేళ్ళన్నీ బూరెల్లా ఉబ్బి ఊరేగింపులో జెండాలా నిలబడింది. నేను ఒక్కదాన్నే గ్యారేజీలో నిలబడి దానికి సలాం పెట్టాను. అంత సంతోషం వేసింది, సిగ్గులేకుండా.

కరెంటు వచ్చింది. సాయంత్రం ఆయన వచ్చేలోపు రజాయి విప్పి దొంతర మీద పెట్టేశాను, క్యాను ఫ్రిజ్‌లోకి ఎక్కించాను, బల్బు వెలిగించాను, కర్ర గోడకి తగిలించాను.

"ముట్టుకోలేదుగా?" అన్నాడు గ్యారేజీలోంచి వచ్చి.

"నాకేం పని?" అన్నాను. నా జీవితంలో ఆయనకు చెప్పిన మొదటి అబద్ధం బీరు గురించి.

ఆఖరి ఆదివారం మధ్యాహ్నం బల్ల మీద మూడు టీ గిన్నెలు పెట్టాడు. రవీల్ తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు, పెళ్ళికొచ్చినట్టు. మా ఆయన పోశాడు. రంగు బంగారంలా ఉంది, నురగ నిలబడింది. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. గిన్నె ఎత్తాను. ముందు అరటిపండు వాసన గుప్పున కొట్టింది. గుటక మింగాక వెనకాలే పులుపు వచ్చి చెవుల దగ్గర పట్టుకుంది. నా మొహం నన్ను అడక్కుండానే చిట్లిపోయింది.

"అద్భుతం!" అన్నాడు రవీల్, గిన్నె ఖాళీ చేసి. "ఫలహారం కూడా అందులోనే వేశావు మేస్త్రీ!"

మా ఆయన తన గిన్నెలోంచి ఒక్క గుటక తాగి కింద పెట్టాడు. నా వైపు చూశాడు. నేనే న్యాయమూర్తిని, నేనే దొంగని.

"చెప్పు ముసలీ."

"తాగలేను," అన్నాను. అది మాత్రం నిజం.

"సరే. గ్యారేజీ నసీర్‌ది. కానీ నాకు పది రోజులియ్యి. తప్పెక్కడుందో తెల్సుకోకుండా తాళం ఇవ్వలేను."

ఎలా కాదంటాను?

సోమవారం మధ్యాహ్నం పంపు ఊడదీసి వంటింట్లోకి తెచ్చాడు. నేను పిండి పిసికే బల్ల మీదే గుడ్డ పరిచి, నాకెదురుగా కూర్చుని స్క్రూ వెంట స్క్రూ విప్పాడు. కడిగాడు, వెలుతురుకి పెట్టి చూశాడు. "దీని తప్పు లేదు," అని పక్కన పెట్టాడు. మంగళవారం కుళాయి. "దీని తప్పు లేదు." బుధవారం జల్లెడ తొడుగు తీగ తీగా విప్పాడు, ఇక అది మళ్ళీ అల్లుకోదు. గురువారం రోలర్లు, శుక్రవారం థర్మోస్టాటు. గ్యారేజీ ఖాళీ అవుతోంది, నా వంటిల్లు నిండుతోంది. రోజూ అదే మాట, "దీని తప్పు లేదు," కాస్త గట్టిగా, వినపడేలాగా. నేను టీ పోస్తూ తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. రెండుసార్లు నోటి దాకా వచ్చింది. రెండుసార్లూ "చక్కెర చాలా?" అని అడిగాను.

శనివారం రవీల్‌ని గోడ దగ్గర పట్టుకున్నాను. "ఆపమని చెప్పు, నీ మాట వింటాడు."

"నా మాటా? డిపోలో ముప్పై మంది డ్రైవర్లం వదినా, ఆయన పనిలో ఉంటే పక్కన నిలబడ్డానికి మాకే భయం. నువ్వే ఎట్టా భరిస్తున్నావో," అని వెళ్ళిపోయాడు.

తొమ్మిదో రోజు, మంగళవారం, నేను పిండి పిసుకుతుంటే రాగి చుట్ట తెచ్చాడు. బల్ల మీద నిలబెట్టాడు. కిటికీలోంచి ఎండ పడి వంటిల్లంతా మెరిసింది. పక్కన ఇనుప రంపం పెట్టాడు.

"దాన్నేం చేస్తావు?" అన్నాను.

"కోస్తా. లోపల పాచి పట్టుంటే కోస్తేగాని కనపడదు. ఇంక మిగిలింది ఇదొక్కటే."

"ఇసుక కూరి చుట్టావు కదా ముసలోడా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా..."

"ఏం చేస్తాం? తప్పు ఎక్కడో ఉండాలిగా."

రంపం పళ్ళు రాగి మీద పెట్టాడు. ఒక్కసారి లాగాడు. ఆ గీరిన చప్పుడు నా పంటి కిందే అయింది.

"ఆపు! దాని తప్పు లేదు. నాదే తప్పు. కరెంటు పోయింది, చెయ్యి వాలిపోయింది, చచ్చిపోయిందనుకుని నేనే రజాయి కప్పా, వేడినీళ్ళ సీసాలు పెట్టా, నేనే చెడగొట్టా. ఇంక ఏదీ కొయ్యకు!" అని అరిచేశాను. అరిచి, పిండి చేతులతోనే మొహం మూసుకుని ఏడ్చాను.

ఆయన రంపం పక్కన పెట్టాడు. చొక్కా జేబులోంచి కళ్ళజోడు డబ్బా తీసి, అందులోంచి ఏదో తీసి నా ముందు పెట్టాడు. ఎర్ర దారప్పోగు. మఖమలుది.

"గ్లవ్‌కి చుట్టిన టేపుకి అంటుకునుంది," అన్నాడు. "అట్‌బాషి నుంచొచ్చిన రోజే దొరికింది."

నాకు ఏడుపు ఆగిపోయింది. "మరి ఈ తొమ్మిది రోజులూ?"

"డిపోలో డ్రైవరెవడన్నా బండి చెడగొట్టి దాచాడనుకో, నేనేం అనేవాణ్ణి కాదు. వాణ్ణెదురుగా కూర్చోబెట్టి బండి మొత్తం ఒక్కో బోల్టే విప్పేవాణ్ణి. వాడే చెప్పేసేవాడు. రవీల్ ఒక్కపూట ఆగాడు. అందరికన్నా మొండోడు రెండ్రోజులు. నువ్వు తొమ్మిది రోజులాగావు కదే రాక్షసీ! నా జల్లెడ పోయింది, పంపు ముక్కలైంది. ఇయ్యాళ కూడా చెప్పకపోతే నిజంగానే కోయాల్సొచ్చేది, నాకే గుండె ఆగినంత పనైంది."

చేతికందిన పిండిముద్ద తీసి విసిరాను. తప్పుకోలేదు.

"ఒక్కటి మాత్రం నిజంగా వెతికా," అన్నాడు, చెవిలోంచి పిండి తీసుకుంటూ. "అరటి వాసన వేడికి వస్తది, అది రజాయి పని. పులుపెక్కడిదో అంతు చిక్కలేదు."

నేను గోడ వైపు చూశాను. ఆయన నా చూపు వెంటే చూశాడు. కర్ర వేలాడుతోంది.

"కుమిస్ కర్రా!" లేచి నిలబడిపోయాడు. "ఇరవై రెండేళ్ళు లాబులో చేశావు! యాభై ఏళ్ళ కుమిస్ తాగిన కర్ర! ఎన్ని పోట్లు?"

"నాలుగు."

"ముసలీ."

"నలభై నాలుగు."

నవ్వాడు. బస్సులు ఆగిపోయాక ఆయన అలా నవ్వడం నేను వినలేదు, బల్ల మీది మరలన్నీ అదిరాయి. నేనూ నవ్వాను. కళ్ళు తుడుచుకుని ఆయన ఆ దారప్పోగు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని వేలికి చుట్టుకుంటూ, మెల్లగా అన్నాడు:

"ఆ ఏడు నాకు న్యుమోనియా వచ్చి పళ్ళు టకటకలాడుతుంటే కూడా ఈ రజాయి తియ్యలేదు నువ్వు. చెమటకి పాడైపోద్దన్నావు."

అన్నాను, నిజమే. గ్యారేజీలో వాలిపోయిన రబ్బరు చెయ్యిని చూసి తీసిన రజాయి, మనిషి పక్కనే వణుకుతుంటే తియ్యలేదు. నాకు చాలా సిగ్గేసింది, పులిసిన బీరుకు కాదు.

మర్నాడు నసీర్ లారీ నిండా మూటలతో గుమ్మం ముందు దిగాడు. "తాళం, పిన్నీ?"

"లేదు. మా ఆయన పనిలో ఉన్నాడు."

"ఇస్తానన్నావుగా! తీర్పు కూడా అయిపోయిందని రవీల్ మామ చెప్పాడు!"

"న్యాయమూర్తి లంచం తింది. తీర్పు చెల్లదు. పోయి ఇంకో గ్యారేజీ చూసుకో," అన్నాను. రెండు సీసాల పుల్లబీరు చేతిలో పెట్టి పంపించాను. వారం తిరక్కుండా వచ్చి ఇంకా ఉందా అని అడిగాడు. బంగాళాదుంపలవాడి నాలుకకి లెక్కేముంది.

రాగి చుట్ట మీద రంపం గీత అలాగే ఉంది, ఆయన మాటు వేశాడు. జల్లెడ కోసం మళ్ళీ స్నానాలగది గొట్టం పోయింది. ఐదో బీరు ఫ్రిజ్‌లో ఉంది, పది డిగ్రీలు, చెయ్యి లేచి ఉంది. నేను దూరం నుంచే సలాం పెడుతున్నాను.

మొన్న ఆదివారం అన్నం తిన్నాక ఆయన వంటింటి సోఫాలోనే ఒరిగి నిద్రపోయాడు, సైన్యం కంబళి మోకాళ్ళ దాకానే వచ్చింది. నేను దొంతర మీంచి ఎర్ర రజాయి లాగి తెచ్చి, కాళ్ళ నుంచి గడ్డం దాకా కప్పి, అంచులు కిందికి దోపాను. కళ్ళు తెరవకుండానే అన్నాడు:

"మరీ ఇంత వెచ్చగా కప్పకే ముసలీ. పులిసిపోతా."

"పులిసిపో," అన్నాను. "ఉండు, కర్ర కూడా తెస్తా."